నేను లేదన్న మిస్సింగ్

మా డ్రైవరు మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ నేను ఒళ్లో ఉన్న ల్యాప్‌టాప్ చూసి లేదన్నాను.

ముప్పై ఏళ్లకు పైగా ఇంజన్లతో గడిపాను. చేసిన తప్పులన్నీ గుర్తుచేసుకునే ఓపిక ఇప్పుడు లేదు. ఈ ఒక్కటి మాత్రం నేను పిలవకపోయినా వస్తుంది. పొద్దున నడకకు పోతుంటే పక్కన ఏదో ఆటో ఎగువ ఎక్కలేక దగ్గుతుంది. అంతే, బేతంచెర్ల దారి కళ్ల ముందుకొస్తుంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి అనుభవాలు చెప్పమంటారు. గెలిచిన కథలు చెప్పడానికి నా తోటివాళ్లు చాలామంది ఉన్నారు. నా దగ్గర మిగిలింది ఇది.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లు. మా కంపెనీ ఒక చిన్న పెట్రోల్ కారును విదేశాలకు పంపాలని తయారుచేస్తోంది. అక్కడి చట్టం ప్రకారం, ఇంజన్‌లో ఏ సిలిండరైనా సరిగా మండకపోతే ఆ సంగతి కారే కనిపెట్టి, నడిపేవాడి ముందు పసుపు దీపం వెలిగించాలి. మండకపోవడాన్ని మన మెకానిక్కులు మిస్సింగ్ అంటారు. వాళ్లు చెవితో పట్టేదాన్ని సెన్సర్‌తో పట్టించడం నా ఉద్యోగం.

పద్ధతి చెప్పడానికి తేలికే. ఇంజన్‌లో తిరిగే ఇరుసుకు ఒక పళ్ల చక్రం ఉంటుంది. దాని పక్కన బొటనవేలంత సెన్సర్ కూర్చుని, ఒక్కొక్క పన్ను ఎంతసేపట్లో దాటిపోతోందో చూస్తుంటుంది. సిలిండర్ మండినప్పుడల్లా ఎవరో తోసినట్టు చక్రం ముందుకురుకుతుంది. మండకపోతే ఆ తోపు ఉండదు, చక్రం రవ్వంత వెనకబడుతుంది. ఆ రవ్వంతను పట్టుకోవాలి. చిక్కెక్కడంటే, గతుకుల్లో కారు ఎగిరిపడినప్పుడు ఆ కుదుపు కూడా ఇరుసుదాకా పాకి అచ్చం మిస్సింగ్ లాగే కనబడుతుంది. ఇంజన్ నిక్షేపంగా ఉన్నా దీపం వెలిగి కూర్చుంటుంది.

అందుకే మమ్మల్ని కర్నూలు పంపారు. ఘాట్ ఎక్కించడానికి శ్రీశైలం, గుంతలకూ దుమ్ముకూ బేతంచెర్ల, ఎండ అన్నిచోట్లా. మాది కడప జిల్లాలో బట్టల దుకాణం కుటుంబం. "మీ వైపే కదా, నువ్వయితే సులువు" అని మేనేజరు నన్నే ఏరాడు. చదువు పేరుతో చిన్నప్పుడే ఊరు వదిలినవాణ్ని. ఆ ఎండను నేను మరిచిపోయి చాలా కాలమైందని ఆయనకు చెప్పుకోలేదు.

డ్రైవరు కర్నూలులో ట్రావెల్స్ వాళ్ల ద్వారా దొరికాడు. బేతంచెర్ల పక్క పల్లె మనిషి, ఇంచుమించు నా ఈడు. పదిహేనేళ్లు గనుల నుంచి బండల లారీ నడిపాడు. మాట తక్కువ. స్టీరింగ్ మీద రెండు వేళ్లు మాత్రం ఆనించి, సీటులో కాస్త వాలి, ఏదో వింటున్నట్టు తల పక్కకు వంచి నడిపేవాడు. మొదటి రోజే అడిగాను.

"ఏమప్పా, మెడ నొప్పా?"

"లేదు సార్. బండి ఏం చెప్తాండాదో ఇంటాండా" అన్నాడు.

నేను నవ్వాను. వెనక సీటు నిండా నా పరికరాలు, తీగలు. బండి ఏం చెబుతోందో వినడానికి కంపెనీ అంత ఖర్చుపెట్టి నన్ను కూర్చోబెట్టిందని నా ధీమా.

మొదటి మూడు వారాలూ దీపం మమ్మల్ని ఏడిపించింది. బేతంచెర్ల దారిలో బండల లారీలు రోడ్డును ఎప్పుడో తినేశాయి. ప్రతి గుంతకూ దీపం వెలిగేది. సాయంత్రం లాడ్జికి తిరిగొచ్చాక ఆఫీసు నుంచి ఫోన్. ఇంకా వెలుగుతోందా, ఎన్నిసార్లు వెలిగింది, ఎప్పటికి ఆగుతుంది. విదేశాల నుంచి పెద్దలు చూడ్డానికి వచ్చే రోజు దగ్గరపడుతోంది. వాళ్ల ముందు ఉత్తిపుణ్యానికి దీపం వెలగకూడదు.

చివరికి నేనొక ఉపాయం చేశాను. చక్రాల దగ్గరుండే సెన్సర్లతో రోడ్డు ఎగుడుదిగుడుగా ఉందని తెలుసుకోవచ్చు. రోడ్డు అలా ఉన్నంతసేపు మిస్సింగ్ కోసం చూడటం ఆపెయ్యమని ప్రోగ్రాములో రాశాను. ఇది అందరూ చేసే పనే, అందులో దోషం లేదు. దోషం నేను పెట్టిన హద్దులో ఉంది. ఎంత గతుకును గతుకు అనాలి? దీపం మళ్లీ వెలుగుతుందేమోనన్న భయంతో ఆ హద్దును కిందికి, ఇంకా కిందికి దింపాను. బేతంచెర్ల దారిలో చాలాభాగం ప్రోగ్రాము కళ్లు మూసుకునే ప్రయాణం చేసింది. దీపం ఆరిపోయింది. ఆఫీసు నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. ఎంతసేపు కళ్లు మూసుకుంటోందన్న సంగతి నేను రాయలేదు, వాళ్లూ అడగలేదు.

ఆ తర్వాత వారంలోనే డ్రైవరు మొదటిసారి అన్నాడు.

"సార్, మిస్సింగ్ కొడతాండాది."

నేను ల్యాప్‌టాప్ చూశాను. సున్నా. "ఏం లేదే. రోడ్డు కుదుపు."

"రోడ్డు కుదుపు నడుముకు తగుల్తాది సార్. ఇది కాలికి తెలుస్తాండాది. యాక్సిలేటర్ కింద వణుకు."

"సున్నా చూపిస్తోందప్పా."

అతను గేరు మార్చాడు. తారు రోడ్డెక్కాక నేనూ పరీక్షగా విన్నాను. ఇంజన్ మెత్తగా నడుస్తోంది. నా మాటే నెగ్గిందనుకున్నాను. చాలా తర్వాత విప్పి చూస్తే తేలిందేమిటంటే, మూడో సిలిండరుకు నిప్పురవ్వ పంపే కాయిల్ దగ్గర తీగ కొన పగిలింది. కారు ఊగినప్పుడే అది విడిపోయేది, నున్నటి రోడ్డు మీద మళ్లీ కలిసిపోయేది. అంటే ప్రోగ్రాము కళ్లు మూసుకున్నప్పుడే మిస్సింగ్, తెరిచినప్పుడు ఇంజన్ బంగారం. ఇంత చక్కగా నన్ను మోసం చెయ్యాలని ఎవరైనా కూర్చుని ఆలోచించినా కుదరదు.

రెండోసారి మర్నాడు చెప్పాడు. "ప్లగ్గులు ఇప్పి చూద్దాం సార్, పది నిమిషాల పని."

ఇంజన్ విప్పాలంటే ఆఫీసు అనుమతి కావాలి. విప్పితే అప్పటిదాకా తిరిగిన దూరం పరీక్ష కింద చెల్లదు. "నువ్వు నడుపు, చూసుకోడానికి నేనున్నాను" అన్నాను. ఆ మాట అన్న గొంతు ఇప్పటికీ నాకు వినబడుతుంది. దుకాణంలో మా నాన్న గుమాస్తాల మీద వాడే గొంతు అది. చిన్నప్పుడు నాకది అస్సలు నచ్చేది కాదు.

మూడోసారి ఆ మర్నాడు మధ్యాహ్నం. గనుల దారిలో రెండు గంటలు తిరిగాం. కారులోకి కుళ్లిన గుడ్డు వాసన వస్తోంది.

"వాసన చూడండి సార్. సైలెన్సర్ శానా కాలిపోతాండాది. కాసేపు బండల మీద నిలుపుదాం."

అతను చూపించినచోట చెట్టూ చేమా లేవు. పాలిష్ ఫ్యాక్టరీలు పారబోసిన తెల్లటి బండ ముక్కలు ఎండకు మెరుస్తున్నాయి. నాకు తల తిరుగుతోంది, ఆకలేస్తోంది. కాస్త ముందు పొలం గట్టున ఒక వేపచెట్టు నీడ కనిపించింది. "అక్కడ పెట్టు, తిని పోదాం" అన్నాను.

"ఆడ గడ్డి ఉండాది సార్."

"పెట్టప్పా."

పెట్టాడు.

మండకుండా మిగిలిన పెట్రోల్ ఎక్కడికి పోతుందో ఈ పనిలో ఉన్న మీకు తెలుసు, తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పొగను శుభ్రం చేసే డబ్బా ఒకటి కారు కడుపు కింద ఉంటుంది. మిగిలిన పెట్రోల్ అందులోకి పోయి మండుతుంది. ఆ డబ్బా కొలిమిలో ఇనుములా ఎర్రబడుతుంది. దాని కింద మోకాలెత్తు ఎండుగడ్డి.

మేము టిఫిన్ డబ్బాలు తెరిచామో లేదో పొగ లేచింది. గాలి పొలంవైపు ఉంది. ఇరవై అడుగుల దూరంలో జొన్నసొప్ప, వేరుశనగ కట్టె కలిపి వేసిన పెద్ద మేత వామి. వరుసగా వానలు తప్పిన ఏళ్లవి. ఆ చుట్టుపక్కల అంత మేత ఇంకెవరికీ లేదు.

నేను పరుగెత్తుకెళ్లి కారు తలుపు తీసి ల్యాప్‌టాప్ తీసుకున్నాను. ముందు కాపాడింది దాన్నే. డ్రైవరు నన్ను పక్కకు తోసి సీటులో కూర్చుని, కింద మంట లేస్తుండగానే కారును బండలమీదికి ఉరికించాడు. వెనక్కి వచ్చేసరికి మంట వామిని అందుకుంది. పక్క గనిలోవాళ్లు గోతాలు తడిపి తెచ్చారు. అతను గోతం కోసం ఆగలేదు. అంటుకున్న సొప్పను చేతులతో లాగి దూరంగా విసిరాడు. వామిలో సగం నిలిచిందంటే అతనివల్లే. అరచేతుల చర్మం నిలవలేదు.

ఆ పొలం ఒక పెద్దామెది. ఆమె వచ్చి అరవలేదు, ఏడవలేదు. కాలిపోయిన సగాన్ని చూస్తూ నిలబడింది. తర్వాత డ్రైవరును ఎగాదిగా చూసి అడిగింది.

"నువ్వు ఈ పక్క పల్లెవాడివే కదప్పా. ఎండుగడ్డి మింద బండి పెట్టకూడదని నీకు తెలీదా?"

అతను నా వైపు చూశాడు. నేను ఆఫీసుకు ఫోన్ కలిపే పనిలో ఉన్నాను. సిగ్నల్ లేదు. అయినా కలుపుతూనే ఉన్నాను.

రెండో రోజుకు మేనేజరు వచ్చాడు. చెడ్డవాడు కాదు. ఆయన మీద ఇంకెవరో కూర్చున్నారు, వాళ్ల మీద ఇంకెవరో. లాడ్జి గదిలో నన్ను ఒకటే అడిగాడు.

"మిస్సింగ్ ఏమైనా నమోదైందా?"

"లేదు సార్."

"అయితే కారులో లోపం లేదు. ఎండుగడ్డి మీద ఆపకూడదని సూచనల కాగితంలో ఉంది. డ్రైవరు సంతకం కూడా ఉంది."

సూచనల కాగితం ఇంగ్లీషులో ఉంది. అక్కడ పెట్టమన్నది నేను. మూడుసార్లు చెప్పింది అతను. ఈ మూడు వాక్యాలూ నా నోటిదాకా వచ్చాయని చెబితే మీరు నమ్మొచ్చు, నమ్మకపోవచ్చు. తప్పు డ్రైవరుదేనన్న రిపోర్టు మీద సంతకం పెట్టాను. పెట్టి, హాయిగా నిద్రపోయాను కూడా. సిగ్గుపడాల్సింది నిజానికి ఆ నిద్రకు.

మేనేజరు పెద్దామె ఇంటికి పోయి పరిహారం ఇచ్చాడు. డ్రైవరు నిర్లక్ష్యంవల్ల ప్రమాదం జరిగిందన్న ఆ రిపోర్టును తెలుగులో చదివి వినిపించి వేలిముద్ర తీసుకున్నాడు. ఊరంతా విన్నది. "దుడ్లు ఇస్తివి, సరే. ఈ కరువులో మేత యాడ దొరుకుతాది నాయనా?" అందట ఆమె. మేనేజరే కారులో చెప్పాడు.

మూడు వారాల తర్వాత, మా ఆఫీసులో, ఆయనే నన్నొక గ్రాఫు గీయమన్నాడు. ప్రమాదం జరిగిన రోజు సెన్సర్ సక్రమంగా పనిచేస్తోందని పై వాళ్లకు చూపించాలి. పళ్ల చక్రం వేగం మొత్తం, గీటు గీటునా, డిస్కులో పడి ఉంది. ప్రోగ్రాము కళ్లు మూసుకున్నా సెన్సర్ మూసుకోదు, అది చూసిందంతా రాసుకుంటూనే ఉంటుంది. అప్పటిదాకా నేను దాన్ని తెరిచి చూడలేదు.

గీశాను. ఇంజన్ రెండు తిప్పులు తిరిగినప్పుడల్లా ఒకచోట గీత కిందికి జారుతోంది. ప్రతిసారీ మూడో సిలిండర్ దగ్గరే. కుదుపైతే ఎక్కడ పడితే అక్కడ జారుతుంది, ఇలా ఒకేచోట కాచుకుని జారదు. నిన్న గాక మొన్న చేరినవాడు కూడా చెప్పగలడు. డ్రైవరు మొదటిసారి చెప్పిన సమయం నా నోటుపుస్తకంలో ఉంది. సరిగ్గా అక్కడే మొదలైంది.

ఆ కాగితం పట్టుకుని మర్నాడే మేనేజరు దగ్గరికి పోయానని రాస్తే బాగుంటుంది. నాలుగు రోజులు పట్టింది. సొరుగులో పెట్టాను, తీశాను, మళ్లీ పెట్టాను. ఆ ఏడు నా ప్రమోషన్ ఉంది. నాలుగో రోజు క్యాంటీన్‌లో వేడి టీ గ్లాసు పట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అతని అరచేతులు కళ్లముందు ఆడాయి. గ్లాసు అక్కడే వదిలేసి లేచాను.

మేనేజరు గ్రాఫును బల్ల మీద పరిచి చూశాడు.

"ఇది ఇస్తే కారు వెనక్కి పోతుంది. నువ్వూ వెనక్కి పోతావు. తెలుసుగా?"

"తెలుసు సార్."

"నేను కూడా పోతాను" అన్నాడు నీరసంగా. కాగితం మాత్రం తిరిగివ్వలేదు. పైకి పంపాడు.

ముగ్గురమూ వెనక్కే పోయాం. కారు ఆలస్యమైంది. మేనేజరును వేరే శాఖకు మార్చారు. నా ప్రమోషన్ సంగతి తర్వాత ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అయితే హద్దులన్నీ మొదటి నుంచి మళ్లీ పెట్టాల్సి వచ్చింది, ఆ పనీ నా నెత్తినే పడింది. నేను ఒకటే కోరాను. పాత డ్రైవరే కావాలి, అతని చేతికి ఒక బటన్ ఇస్తాను, మిస్సింగ్ అనిపించినప్పుడల్లా నొక్కాలి, ఆ నొక్కుళ్లను సెన్సర్ పక్కన పెట్టి చూస్తాను. ఆఫీసులో నవ్వారు, కానీ ఒప్పుకున్నారు. ఆ తర్వాత జరిగింది ఇక్కడే చెప్పేస్తాను. నేను వెనక కూర్చుని అతనికి తెలియకుండా ఏదో ఒక సిలిండరుకు నిప్పు ఆపేవాణ్ని, అతను నొక్కేవాడు. నా ప్రోగ్రాము తేల్చుకునేలోపే చాలాసార్లు అతని వేలు కదిలేది. అతని వేలు పక్కన పెట్టుకునే కొత్త హద్దులు గీశాను. కారు పరీక్ష గట్టెక్కింది.

కానీ ఇదంతా అంత తేలిగ్గా మొదలవలేదు.

అతన్ని వెతుక్కుంటూ బేతంచెర్ల పోయినప్పుడు, రైలు స్టేషను దగ్గర పాలిష్ బండలు లారీకి ఎత్తుతున్నాడు. అరచేతులకు గుడ్డలు చుట్టుకున్నాడు. నన్ను చూసి బండ దించి నిలబడ్డాడు.

"లారీ నడపడం లేదా?" అన్నాను.

"వామి తగలబెట్టినోడికి స్టీరింగు ఎవరిస్తారు సార్?"

నేను గ్రాఫు తీసి చూపించాను. మూడో సిలిండర్, ఇదుగో, నువ్వు చెప్పిన రోజే, చెప్పిన గంటకే. వేలు పెట్టి ఒక్కొక్కటీ చూపిస్తూ పోయాను. అతను మర్యాదకు చూశాడు.

"ఇది నాకు ఆ పొద్దే తెలుసు కద సార్. మీకు తెలిసేదానికి ఇన్ని దినాలు పట్టిందా?"

గ్రాఫు మడిచి పెట్టుకున్నాను. కంపెనీ ఇచ్చిన ఉత్తరం జేబులోంచి తీశాను. అతని తప్పేమీ లేదని, తెలుగులోనే, ముద్ర వేసి ఇచ్చారు. బటన్ సంగతి చెప్పి, మళ్లీ పనిలోకి రమ్మని అడిగాను. అతను ఉత్తరం మడిచి నా చేతికే ఇచ్చాడు.

"ఈ కాగితం యాడ అతికించేది సార్? ఊర్లో మీవోళ్లు నోటితో చెప్పిపోయినారు, నన్ను గురించి. ఆయమ్మ మేత లేక ఎద్దుల్ని అమ్ముకున్యాది. సంతకు తోలుకపోతాంటే దావలో ఎదురుపడితి. మొగం తిప్పుకున్యాది. మా ఇంటామె పిండిమరకు పోతే కూడా ఎవురూ పలకరు. మీరు వచ్చి నోటితో చెప్పండి. చెప్తే బటనే కాదు, ఏం నొక్కమన్నా నొక్కుతా."

సాయంత్రం అతని వెంట ఆమె ఇంటికి పోయాను. కొట్టం ఖాళీగా ఉంది. కాడి గోడకు ఆనించి ఉంది. ఆమె గడపలో కూర్చుని చేటలో కొర్రలు చెరుగుతోంది. మమ్మల్ని చూసి చెరగడం ఆపలేదు. పక్కిళ్ల నుంచి ఇద్దరు ముగ్గురు వచ్చి దూరంగా నిలబడ్డారు.

ఇంజన్ గురించి ఎలా మొదలుపెట్టాలో దారిపొడుగునా అనుకుంటూ వచ్చాను. పళ్ల చక్రం, హద్దు, డబ్బా ఎర్రబడటం. అక్కడ నిలబడ్డాక అవేవీ నోట్లోంచి రాలేదు.

"అమ్మా, ఆరోజు కారు గడ్డి మీద పెట్టమన్నది నేను. ఈయన వద్దన్నాడు."

చేట ఆగింది.

"ఇంజన్ సరిగా లేదని కూడా చెప్పాడు. దానివల్లే కింద కాలింది. నేను నమ్మలేదు."

"ఎన్నితూర్లు చెప్పినాడు?" అంది ఆమె.

"మూడుసార్లు."

"మూడుతూర్లు చెప్తే ఇనలేదా?"

"వినలేదమ్మా."

"మరి ఆ పొద్దు వచ్చిన పెద్దసారు ఈయప్పదే తప్పని సదివినాడే?"

"ఆ కాగితం కింద సంతకం నాది."

ఆమె నన్ను తేరిపార చూసింది. తిడుతుందేమోనని ఎదురుచూశాను. తిడితే కాస్త తేలికయ్యేది. ఆమె చేట కింద పెట్టి, చేతులు దులుపుకుని, డ్రైవరువైపు తిరిగింది. అతని చేతుల గుడ్డలు చూసింది.

"ఏమప్పా, ఆడనే నిలబడితివే. లోపలికి రా, అన్నం తిందువు గానీ" అంది.

అతను చెప్పులు విడిచి లోపలికి పోయాడు. దూరంగా ఉన్నవాళ్లలో ఒకాయన కూడా అతని వెనకే ఏదో మాట్లాడుతూ పోయాడు. నేను వాకిట్లో నిలబడ్డాను. అతను తినివచ్చేదాకా నన్ను ఎవరూ కూర్చోమనలేదు.